రిబ్బన్లు విప్పుకుంటూ

ఏప్రిల్ 4, 1981. శనివారం

ఇవాళ నడకలో కూడా అందరికంటే ఆఖరున వచ్చింది నేనే.

నేను టెంట్ దగ్గరికి చేరేసరికి మా ఆయన రాయిస్ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. బీరు గ్లాసు సగం ఖాళీ. పక్కన ఆర్మీలో అతని ప్లటూన్ వాళ్ళు. వాళ్ళలో ఒకడు నన్ను చూసి, వదిన వచ్చింది, ఇక టెంట్ పీకేసుకోవచ్చు అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రాయిస్ నవ్వలేదు.

నడక పూర్తిచేసినవాళ్ళకు ఈ ఊరివాళ్ళు ఇచ్చే మెడల్ మీద కొంగ బొమ్మ ఉంది. జర్మనీలో పిల్లల్ని కొంగ తెస్తుందంటారు, అమెరికాలో మా ఆర్కన్సాలోనూ అంటారు. రాయిస్ నా మెడల్‌ని బల్ల మీద బోర్లించాడు. కారులో ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

జనవరిలో పాప ఏడో నెలలోనే పుట్టి పోయింది. డాక్టరు నడవమన్నాడు, కానీ మెల్లగా నడవమన్నాడు. మార్చిలో మళ్ళీ శనివారం నడకలు మొదలుపెట్టినప్పుడు రాయిస్ ప్రతి మలుపులోనూ ఏదో ఒక బండ మీద కూర్చుని నా కోసం చూసేవాడు. ఇవాళ ఏ మలుపులోనూ లేడు. చలిగా ఉంది కదా. కూర్చుంటే ఒళ్ళు బిగుసుకుపోతుంది.

ఏప్రిల్ 5, ఆదివారం

బూట్లు కడిగి పాలిష్ వేశాను. అతనివి, నావి. కొంగ మెడల్ గోడకు తగిలించకుండా సొరుగులో వేశాను.

ఏప్రిల్ 18, శనివారం

ఇవాళ ఒక ముసలాయనతో మాట్లాడాను. నేనే. మాక్సీన్ వింటే నమ్మదు. మాక్సీన్ మా పై అంతస్తులో ఉంటుంది. నాతో గంట మాట్లాడితే తన మాటలే తనకు తిరిగి వినబడతాయంటుంది.

ఆయన పేరు జైట్లర్. చుట్టుపక్కల ఏ ఊళ్ళో నడక పెట్టినా చిట్టచివర నడిచేది ఆయనే. దారి తెలియడానికి చెట్లకు కట్టిన రిబ్బన్లను విప్పుకుంటూ వస్తాడు. పది కిలోమీటర్ల దారికి నీలం, ఇరవైకి ఎరుపు. నేను ఎప్పుడూ ఆఖరు కాబట్టి వెనకాల ఆయన దగ్గు నాకు పాతదే. ఇవాళ పక్కకొచ్చి, ఏ ఊరమ్మాయీ మనది అని అడిగాడు, అచ్చం మా వాళ్ళ యాసలో. నేను ఆగిపోయాను. యుద్ధంలో అమెరికన్లకు పట్టుబడి రెండేళ్ళు ఆర్కన్సాలో పత్తి ఏరాడట. ఇంగ్లీషు ఆ చేలలో నేర్చుకున్నదేనట. మా జిల్లా పేరు చెబితే, అక్కడి దోమలు ఇంకా బాగున్నాయా అని అడిగాడు.

ప్రతి మలుపులోనూ ఆయన వెనక్కి తిరిగి నిలబడతాడు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి, ఎవరన్నా ఉన్నారా అని జర్మన్‌లో కేకేస్తాడు. కాసేపు చూసి అప్పుడు ముడి విప్పుతాడు. ఒకప్పుడు ఎవరో అడవిలో కునుకు తీశాడట, లేచేసరికి రిబ్బన్లు లేవు, మర్నాటి దాకా దొరకలేదు. అప్పటినుంచి ఇక్కడి క్లబ్బుల్లో అదే పద్ధతి. కేకేయకుండా విప్పకూడదు. విప్పాక ఇక వెనకాల ఎవరూ లేనట్టే.

ఒక మలుపులో నన్ను కేకేయమన్నాడు. నోరు తెరిచాను, గాలి వచ్చింది. ఆయన ఎంత నవ్వాడో. మీ ఊళ్ళో ఆడవాళ్ళు పందుల్ని పిలిస్తే రెండు చేల అవతల ఉన్న మేం ఉలిక్కిపడేవాళ్ళం, నీకేమొచ్చిందమ్మాయీ అన్నాడు.

మా అమ్మ అలాగే పిలిచేది. నాకు ఆ గొంతు రాలేదు.

వచ్చే వారం నుంచి తనను ఎర్ర దారికి వేశారని చెప్పాడు. అక్కడ మనుషులు తక్కువ, మాట్లాడేవాళ్ళు ఇంకా తక్కువ అన్నాడు.

ఏప్రిల్ 25, శనివారం

రాయిస్ ఇకనుంచి ఇరవై నడుస్తాడట. పది కిలోమీటర్లు ముసలమ్మలకీ పిల్లలకీ అన్నాడు. నన్ను అనలేదు.

మే 2, శనివారం

వారమంతా వాన. నీలం దారే చీలమండల దాకా బురద. మడిచెక్కలో దిగినట్టు దిగబడ్డాను. రాయిస్ ఇరవై నడిచొచ్చినా బూట్లకు మరక లేదు. ఎంత చూసుకుని నడుస్తాడో. నేనైతే బురద కనబడితే చాలు, అందులోనే కాలు వేస్తాను.

మే 10, ఆదివారం

అతని బూట్లు ఈ వారం కూడా కడిగే పని లేదు.

మే 15, శుక్రవారం

రేపటికి మా పెళ్ళయి రెండేళ్ళు. ఎండు పీచ్ ముక్కలు నానబెట్టి ఉడికించి, పిండిలో మడిచి వేయించాను, అమ్మ చేసినట్టే. ఆరు వచ్చాయి, ఒకటి పగిలింది. పగిలింది మాక్సీన్‌కి ఇచ్చాను.

నాకొక ఆలోచన వచ్చింది. రేపు నేను నీలం దారి నడవను. ఇద్దరం బయల్దేరినట్టే బయల్దేరి, అతను వెళ్ళాక టెంట్ దగ్గరికి వచ్చేస్తాను. ఆఖరు నుంచి వెనక్కి ఎర్ర దారి పట్టుకుని ఎదురెళతాను. ఎక్కడో ఒకచోట కలవాల్సిందే కదా. ఆ పీచ్ పైలు, ఫ్లాస్కులో కాఫీ తీసుకెళతాను. నన్ను చూసి ఏమంటాడో.

మే 16, శనివారం

దారికి ఎదురు నడవకూడదు. ఆ సంగతి నాకూ తెలుసు, బోర్డు మీద రాసే ఉంటుంది. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను.

ఎదురు నడిస్తే దారిలో ఉన్న ప్రతి మనిషి మొహమూ చూడాలి. అది నేను ఆలోచించలేదు. నేను ఎప్పుడూ వీపులు చూసి నడిచినదాన్ని. మొదట వచ్చిన ఇద్దరు తాతలు, అమ్మాయీ ఇల్లు అటు కాదు ఇటు అని చేతికర్రలు చూపించారు. తర్వాత గంటలు కట్టిన టోపీల వాళ్ళ గుంపు వచ్చింది. వాళ్ళు రెండు వరసలుగా విడిపోయి నాకు సెల్యూట్ కొట్టారు. నా మొహం కాలిపోయింది. అయినా నడిచాను. ప్రతి మలుపులోనూ ముందు అతని ఎర్ర టోపీ కోసం చూశాను. దారి మధ్యలో, నడిచేవాళ్ళ కార్డుల మీద స్టాంపు వేసే బల్ల దగ్గర ఒకామె నాకు వేడి టీ ఇచ్చింది. కార్డు అడగలేదు. నా చేతిలో డబ్బా చూసి, మొగుడికా అని సైగ చేసింది. తలూపాను. బుగ్గ గిల్లింది.

ఆ తర్వాత మనుషులు పలచబడ్డారు. ఒక తల్లీ కూతురూ. కాలు బెణికి కుంటుతున్న ఒకాయన. ఆ తర్వాత ఎవరూ లేరు, ఊరికే అడవి. బురదలో అడుగులన్నీ నాకు ఎదురుగా వస్తున్నాయి.

ఎర్ర దారి సగం పైన దాటాక దగ్గు వినబడింది. జైట్లర్ గారు. భుజం మీద ఎర్ర రిబ్బన్ల కట్ట. నన్ను చూసి నవ్వబోయి నవ్వలేదు. నా వెనకాల ఎవరూ లేరమ్మాయీ అన్నాడు. నా మొగుణ్ణి చూశారా, ఎర్ర టోపీ అని అడిగాను. ఆయన రిబ్బన్లు సర్దుకున్నాడు. చాలాసేపు సర్దుకున్నాడు. ఈ దారిలో ఎర్ర టోపీని నేనెప్పుడూ చూడలేదు అన్నాడు.

ఇద్దరం కలిసి తిరిగొచ్చాం. ప్రతి మలుపులో ఆయన కేకేశాడు. నేను పక్కన నిలబడ్డాను. ఏ మలుపులోనూ పిలవమని నన్ను అడగలేదు.

టెంట్‌లో రాయిస్ ఉన్నాడు. అతని ఎదురుగా, మా బేస్ లైబ్రరీలో పనిచేసే షెరిల్. ఎక్కడికెళ్ళావు, ఇంతసేపా అన్నాడు. పైన అడవి ఎంత బాగుందో చెప్పాడు. షెరిల్ కూడా ఇరవై నడిచిందట, కాళ్ళు పడిపోయాయంది. బల్ల కింద చూశాను. ఆమెవి తెల్ల కాన్వాసు బూట్లు. తెల్లగానే ఉన్నాయి.

డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టాను. ఇంకేం చెయ్యాలో తెలియలేదు. రాయిస్ ఒకటి తిని, పీచా అన్నాడు. షెరిల్ రెండు తింది. ఎలా చేస్తారో చెప్పమంది. చెప్పాను.

మే 17, ఆదివారం

అతని బూట్లకు పాలిష్ వేశాను. అక్కర్లేదు. అయినా వేశాను.

మే 20, బుధవారం

మాక్సీన్‌ని అడిగాను. ఒకటే మాట అడిగాను, ఆమె బట్టలారేయడం ఆపి మెట్ల మీద కూలబడింది. షెరిల్ కారులో ఇద్దరూ బల్ల బల్లకీ వెళ్ళి కార్డుల మీద స్టాంపులు వేయించుకుంటారట. మధ్యలో ఎక్కడో కారు ఆపుకుంటారట. మా బిల్డింగులో నాకు తప్ప అందరికీ తెలుసట. "నీకు చెప్పాలంటే నోరు రాలేదే పిల్లా. నువ్వేమో వాడి మెడళ్ళు తుడుస్తూ కనబడతావు" అంది. తర్వాత నాకంటే ముందు తనే ఏడ్చింది. నేను ఆమెకు మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

మే 21

ఏమీ లేదు.

మే 23, శనివారం

నడకకు వెళ్ళలేదు. రాయిస్ కారు తాళాలు తీసుకుంటుంటే తలుపు దగ్గర నిలబడ్డాను. బూట్లకు బురద లేదు రాయిస్ అన్నాను. అంతే అన్నాను. అతనికి అర్థమైంది. అబద్ధం చెబుతాడనుకున్నాను. చెబితే బాగుండేది.

వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు. పాప పోయాక ఇంట్లో గాలి ఆడలేదన్నాడు. షెరిల్ దగ్గర పాప మాట ఎత్తగలడట. మార్చి అంతా ప్రతి మలుపులోనూ నా కోసం కూర్చున్నానన్నాడు. నేను వచ్చేదాన్నట, తలొంచుకుని అతన్ని దాటి వెళ్ళిపోయేదాన్నట. ఒక్క మాటైనా ఆడతావని చూసేవాణ్ణి అన్నాడు. నేను దాటి వెళ్ళింది నిజమే. ఆగితే ఏడుస్తానని వెళ్ళాను. అతను చూస్తుండగా ఏడవకూడదనుకున్నాను.

"తర్వాత ముందుకెళ్ళిపోయాను. ఆగమని పిలిచావా? ఒక్కసారి, డార్లా. ఒక్కసారి పిలిస్తే ఆగేవాణ్ణి."

పిలిచాను. మనసులో పిలవని మలుపు లేదు. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాను.

"కాఫీ పోయనా?" అన్నాను.

అతను నా వైపు చాలాసేపు చూశాడు. కోపంగా కాదు. కోపంగా చూసినా బాగుండేది. పొయ్యమన్నాడు. తాగి వెళ్ళాడు.

మే 29, శుక్రవారం

రాయిస్ బట్టలు తీసుకుని బ్యారక్స్‌కి మారాడు. నన్ను అమెరికా పంపించే కాగితాలు వచ్చాయి. టికెట్ జూన్ ఎనిమిదికి. మెడళ్ళు సగం సగం పంచుకుందామన్నాడు. అన్నీ నువ్వే ఉంచుకో అన్నాను. కొంగ మెడల్ సంగతి చెప్పలేదు. అది నా సూట్‌కేసులో, అడుగున ఉంది.

జూన్ 4, గురువారం

మాక్సీన్ అడిగింది, శనివారం ఏమైనా చూడాలని ఉందా, కోటలూ సరస్సులూ, పోయేముందు కారులో తిప్పుతానని. ఇరవై కిలోమీటర్లు నడవాలని ఉందన్నాను. "నీకు పిచ్చి పట్టిందే" అంది. కానీ తీసుకెళతానంది. తను మాత్రం టెంట్ దాటి అడుగు వేయదట, సాసేజీలకు కాపలా కాస్తుందట.

జూన్ 6, శనివారం

ఎర్ర రిబ్బన్లన్నీ నేనే విప్పాను. జైట్లర్ గారు సంచీ పట్టుకున్నారు.

మొదటి మలుపులో గొంతు రాలేదు. ఆయన తొందరపెట్టలేదు. తర్వాతి మలుపులో కొంచెం వచ్చింది. ఆఖరి మలుపులో, టెంట్ కనబడే చోట, వెనక్కి తిరిగి రెండు చేతులూ నోటికి పెట్టుకుని రాయిస్‌ని పేరు పెట్టి పిలిచాను. అది అమ్మ గొంతు. కొండకు తగిలి తిరిగొచ్చింది.

ఎంతసేపు చూడాలో ఆయన చెప్పలేదు. చూశాను.

ముడి విప్పాను.