మూడుమూలల అద్దం

వైరా దగ్గర తండా నుంచి

చిరంజీవి జ్యోత్స్నకు నానమ్మ దీవెనలు. ఇక్కడ నేను, మీ నాన్న, రెండు మేకలు క్షేమం. నా మోకాలి సంగతి అడిగావు, అది దాని ఇష్టం వచ్చినట్టు ఉంది.

ముందు ఒక తప్పు దిద్దాలి. ముప్పై ఏళ్ళు బడిలో దిద్దిన చెయ్యి ఊరుకోదు. "దర్శకుడు బలరాం గారికి నీకంటే పెద్ద అభిమాని జిల్లాలో లేరు నానమ్మా, ఇరవై మూడు సినిమాలూ చూశావు" అని రాశావు. చూసిన మాట నిజం. అభిమానిని మాత్రం కాను. దొంగ వెంట పోలీసు తిరిగితే దాన్ని అభిమానం అనరు.

ఆదివారం ఖమ్మంలో ఆయన సన్మానానికి మీ కంపెనీ ఏర్పాట్లు చేస్తోందని, అభిమానుల తరఫున నేను ఐదు నిమిషాలు మాట్లాడాలని, ఏం మాట్లాడతానో రాయమని అన్నావు. ఫోన్లో అయితే మధ్యలో అడ్డుపడతావు. అందుకే ఈ ఉత్తరం.

నలభై అయిదేళ్ళ కింద, నాకు పదిహేడేళ్ళప్పుడు, ఆయన మొదటి సినిమా తీయడానికి వైరా కట్ట మీదికి వచ్చాడు. అప్పుడు మా ఇంట్లో పెట్టెలో మా అమ్మ ద్వాలి పెళ్ళినాటి పేటియా ఉండేది. పేటియా అంటే మా తండా ఆడవాళ్ళు కట్టుకునే అద్దాల లంగా. రెండేళ్ళు కుట్టుకుందట. అంచుకు ఒక అద్దం తక్కువైతే, వాళ్ళ నాయన గడ్డం గీసుకునే అద్దం పగిలిన ముక్కను మూడుమూలలుగా అరగదీసి కుట్టింది. మిగతావన్నీ గుండ్రం, అదొక్కటే అట్లా. పోయేనాడు తనకు అదే కట్టి సాగనంపమని మాతో అనేది.

ఆ పేటియా తర్వాత అమ్మకు దొరకలేదు. బలరాం సినిమాలకు దొరికింది. మొదటి ప్రేమకథలో హీరోయిన్ దాన్ని కట్టుకుని ఆడింది. పౌరాణికంలో సింహాసనం మీద దిండుకు గలీబు అయింది. జానపదంలో గుర్రం వీపు మీద గుడ్డ. హాస్యచిత్రంలో హీరో మామ తలపాగా. దయ్యాల సినిమాలో తలుపుకు తెర. హాలంతా దయ్యాన్ని చూసి అరిస్తే నేను తెరను చూసి అరిచాను. "గింత భయపడితే ఎందుకొచ్చినవే?" అన్నాడు మీ తాత. చివరికి పేదరికం మీద తీసిన సినిమాలో బిచ్చగత్తె జోలె. దానికి అవార్డు వచ్చింది. ప్రతి సినిమాకు కొత్త ప్రపంచాన్ని సృష్టిస్తాడని పత్రికలు రాశాయి. ప్రపంచాలు కొత్తవే, గుడ్డ ఒక్కటే. పని వచ్చినవాడు, కాదనను. ఆ జోలె సినిమాకు నేనూ ఏడ్చాను. అందుకు కోపం ఇంకా పెరిగింది.

ఆ గుడ్డ తిరిగి ఇమ్మని ఆయనకు మూడు ఉత్తరాలు రాశాను. జవాబుగా సంతకం పెట్టిన ఫోటో ఒకటి పంపాడు. దాన్ని కోళ్ళగూటి కంతకు అడ్డంగా మేకు కొట్టాను. పదేళ్ళుగా కోళ్ళు ఆయన్ని చాలా దగ్గర నుంచి చూస్తున్నాయి.

సన్మానం హాల్లో ఆయన సినిమా వస్తువులతో మీరు పెడుతున్న ప్రదర్శన ఫోటోలు మొన్న పంపావు కదా, వాటిలో ఆ జోలె గాజుపెట్టెలో ఉంది. కింద "దర్శకుని ఊహలోంచి పుట్టినది" అని చీటీ. వేళ్ళతో పెద్దది చేసి చూశాను. కుడి మూలన మూడుమూలల అద్దం.

ఇక ఎవరికీ చెప్పని మాట. ఆ పేటియాను ఎవరూ పెట్టె పగలగొట్టి ఎత్తుకుపోలేదు. నేనే ఇచ్చాను. అమ్మ మిరపచేనుకు పోయింది. గుమ్మం ముందు బలరాం నిలబడి, "ఒక్కరోజుకి ఇవ్వమ్మాయ్, తెర మీద నీ పేరు వేయిస్తా" అన్నాడు. పేరు కోసం తాళం తీశాను. రెండోరోజుకే సినిమావాళ్ళు మూటలు సర్దుకుని వెళ్ళిపోయారు.

అమ్మ పెట్టె తెరిచి, మా అన్న సోమ్లాను పట్టుకుంది. అంతకు నెల ముందు వాడు ఇంట్లో చెప్పకుండా ఒక మేకను అమ్మేశాడు.

"ఎవనికి అమ్మినవ్‌రా?"

"నేను ముట్టలేదే యాడీ." యాడి అంటే మాకు అమ్మ.

"మేకనాడు గూడ గిట్లనే అన్నవ్ గద!"

నేను తలుపు వెనక పుస్తకం పట్టుకుని ఉన్నాను. అన్న నావైపు చూశాడు. నేను పేజీ తిప్పాను.

ఆ సాయంత్రమే వాడు చర్ల అడవికి పోయి, పోడు చేసుకుంటూ అక్కడే ఉండిపోయాడు. మొదటి సినిమా చూసిన రోజే అమ్మకు చెప్పొచ్చు. చెబితే ఇచ్చింది ఎవరో కూడా చెప్పాలి. ఏడేళ్ళ కింద అమ్మను దుకాణంలో కొన్న చీరలో సాగనంపాం. అన్న వచ్చి దూరంగా నిలబడి, మంచినీళ్ళయినా తాగకుండా వెళ్ళిపోయాడు. సోమ్లా తాత మన ఇంటికి ఎందుకు రాడని చిన్నప్పటి నుంచీ అడుగుతావు కదా, జవాబు ఇదే.

కనుక ఆదివారం నా ప్రసంగం ఇది. శాలువా కప్పకముందే, ఒక్కో సినిమా పేరు చెప్పి మా అమ్మ గుడ్డ ఏ సీన్లో ఎక్కడుందో ఆయన ముఖం చూస్తూ చెబుతాను. తర్వాత జోలె అడుగుతాను. నవ్వుతూ ఇస్తే సరి, లేకపోతే నవ్వకుండా ఇస్తాడు. ఆఖరున దొంగల పేర్లు చదువుతాను. రెండున్నాయి. రెండోది నాది. మొదటి వరుసలో నువ్వు కూర్చోబెట్టే మా అన్నకు వినబడేలా చదువుతాను.

నీ ఉద్యోగానికి దెబ్బ తగలొచ్చు. భయమైతే జాబితాలో నా పేరు కొట్టెయ్యి. జనంలోంచే లేచి మాట్లాడతాను. నా గొంతుకు మైకు అక్కర్లేదు.

నువ్వు చేయాల్సిన పని ఒకటుంది. శుక్రవారం పొద్దున్నే భద్రాచలం బస్సెక్కి, అక్కడి నుంచి చర్ల వెళ్ళి సోమ్లా తాతను తీసుకురా. నానమ్మ పిలిచిందంటే రాడు. యాడి పేటియా దొరికిందని చెప్పు. వాడి కళ్ళజోడు కాడ విరిగితే దారంతో కట్టుకున్నాడని విన్నాను. వచ్చేటప్పుడు భద్రాచలంలో దిగి కొత్త కాడ వేయించు. ఆ అద్దం వాడికి కూర్చున్న చోటి నుంచే కనబడాలి.

ఇట్లు,
పెట్టె తాళం తీసిన
నీ నానమ్మ సువర్ణ