ఏడో ఎలుక దగ్గర నా చుక్క

ప్రియమైన అప్పకు,

నీ చెల్లెలు కరుణ, ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్నది. నువ్వు, బావ, పిల్లలు, అమ్మ కులాసాగా ఉన్నారని తలుస్తాను. బావ మోకాలినొప్పి తగ్గిందా? నెల్లిమర్లకు ఫోన్ చేస్తే పక్కన అమ్మ వింటుంది, అందుకని ఈ ఉత్తరం. ముందు నువ్వొక్కదానివే చదువు.

నాకు రెండో నెల, అప్పా. పోయినసారి అందరికీ చెప్పుకున్న వారానికే పోయింది కదా, ఈసారి మూడో నెల నిండేదాకా నోరు విప్పకూడదనుకున్నాను. మీ మరిది కూడా "ఎవులికీ సెప్పకు, ఉజ్జోగం పోతాది" అన్నారు.

నా పని తెలుసుగా, ఇక్కడ హైదరాబాదులో మందులు పరీక్షించే చోట ఎలుకల గది. వాటి చర్మం కింద బియ్యపు గింజంత చిప్పు పెడతారు, బోనుల కిందా, అన్ని గదుల గోడలకీ సెన్సార్లుంటాయి. ఏ ఎలుక ఎటు తిరిగినా కంప్యూటర్ తెర మీద చుక్కలా కనిపిస్తుంది. మనిషిని చూస్తే అవి బెదిరి పరిగెడతాయి కాబట్టి, మేమెక్కడున్నామో తెలియడానికి మా కోట్లకీ ఒక బిళ్ల తగిలించారు. మావి ఆకుపచ్చ చుక్కలు.

పోయిన వారం ఏడో నంబరు ఎలుక ఒక మూలే పట్టుకుని కదలడం లేదని మా గది చూసుకునే మేడమ్‌కి చెప్పాను. ఆవిడ తెర చూసి నవ్వారు. "జబ్బేం కాదు, కడుపుతో ఉంది. గూడు కట్టుకుంటోంది" అన్నారు. తర్వాత నా చుక్క చూపించి, "నువ్వు రోజూ పొద్దున్నే బాత్రూమ్ వైపు వెళ్లి ఇంతసేపు రావడం లేదేం? ఏదైనా ఉంటే చెప్పు, ఈ గదిలో మందులు గర్భిణులకు మంచివి కావు" అన్నారు. గ్యాస్ అని అబద్ధం చెప్పి మళ్లీ ఆ గదిలోకే వెళ్లాను.

మర్నాడు తెలివితక్కువ పని చేశాను. బిళ్ల తీసి ఏడో బోను పక్కన కొక్కేనికి తగిలించి, వాంతి చేసుకోవడానికి వెళ్లాను. వస్తూ బోనుల్లో పరిచే రంపంపొట్టు బస్తా కోసం స్టోరు గదిలోకి వెళితే కళ్లు తిరిగి పడిపోయాను. ఎంతసేపు పడి ఉన్నానో తెలియదు. లేచి చూస్తే ఒక్కరూ రాలేదు. బిళ్ల ఒంటిమీద ఉంటే తెర చూసైనా ఎవరో ఒకరు వచ్చేవారు. నాతో పనిచేసే నౌపడ ఊరి అత్త నన్ను చూసి, "ఏటే, మొగం అలగున్నాది? ఇంతసేపూ ఎలక కాడే ఉన్నావనుకున్నాను, సుక్క అక్కడే ఉన్నాది కదా" అంది.

ఆసుపత్రిలో చూపించుకున్నాను, ప్రమాదం లేదన్నారు. నువ్వు కంగారు పడకు. అయినా అప్పా, బాత్రూమ్‌కి వెళ్లిన ప్రతిసారీ బట్ట చూసుకోవాలంటే భయం.

రేపు మేడమ్‌కి నిజం చెప్పేస్తాను. వేరే గదికి మారుస్తారో, మానేయమంటారో తెలియదు. మీ మరిదికి కోపం వచ్చినా సరే. వీలైతే కాస్త మన చోడిపిండి పంపు, ఇక్కడ దొరికే రాగిపిండికి ఆ రుచి లేదు, అంబలి ఒక్కటే కడుపులో నిలుస్తోంది.

అమ్మకి నువ్వే మెల్లగా చెప్పు. బావకి, పాస్టరయ్యగారికి వందనాలు, పిల్లలకు ముద్దులు. ఆదివారం స్త్రీల కూటంలో ప్రార్థన చేయించు. పేరు దాచి "ఒక సహోదరి కోసం" అంటారే, అలా వద్దు. నా పేరు చెప్పు. నేను ఏ ఊళ్లో, ఏ గదిలో ఉన్నానో కూడా చెప్పు.

మీ అందరి దీవెనలు కోరే
చెల్లెలు కరుణ