రాతి స్తంభాల మీద మీ నాన్న

ముద్దుల మా అమ్మలుకి, అమ్మ ఆశీర్వదించి రాస్తున్నది.

ఇక్కడ నేను కులాసా. మీ నాన్న కూడా కులాసాయే. వేళకు తింటున్నారు, వేళకు పడుకుంటున్నారు, అడిగినదానికి జవాబు చెబుతున్నారు. నీ మోకాలి నొప్పి తగ్గిందని, శిక్షణ బాగా సాగుతోందని తలుస్తాను. ఆ పరుగుపందేల శిబిరంలో చేరగానే మీ ఫోన్లు లాగేసుకోవడం ఒకందుకు మంచిదే అయింది. ఫోనులో అయితే నేను నోరు తెరవగానే "అబ్బా, మళ్ళీ నాన్న మీద చాడీలా" అని పెట్టేసేదానివి. ఉత్తరం అలా కాదు. చింపేసేలోపు కాస్తయినా చదువుతావు.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు చెబుతాను. నీ పాత పరుగుబూట్లు ఎవరికీ ఇవ్వలేదు, అటక మీదే ఉన్నాయి. కళ్ళజోళ్ళ షాపులో నా పని మామూలే. కొత్త మిషను వచ్చింది. అద్దాల అంచులు అదే అరగదీస్తుంది. నేను ఫ్రేములో బిగించి, చెవి వెనక నొక్కుకోకుండా కాడలు వంచి ఇస్తాను. ఇంత సన్నని మరలు బిగించినా నా చెయ్యి వణకదని మా యజమాని వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. ఆ మాట ఇంట్లో చెప్పినప్పుడు మీ నాన్న ఏమన్నారో నీకు గుర్తుందా? "చెయ్యెందుకు వణుకుతుందే, నువ్వు నడిస్తే ఇల్లే వణుకుతుంటే!" అన్నారు. నవ్వి నవ్వి నీకు పొలమారింది. నేనే నీ నెత్తి మీద తట్టి మంచినీళ్ళు ఇచ్చాను.

ఇక అసలు ప్రశ్న. "నాన్న నడక బృందం ఎందుకు మానేశాడు? నాకు ఉత్తరాలెందుకు రాయడం లేదు? మీరిద్దరూ పోట్లాడుకున్నారా?" అని అడిగావు. పోట్లాట ఏమీ లేదు. అంతకంటే నెమ్మదిగా జరిగిపోయింది.

నడక బృందంతో సముద్రపు గట్టు మీది బాటకు మొదటిసారి వెళ్ళినప్పుడు నేను చేతులూ మోకాళ్ళూ నేలకానించి పాకుతున్న ఫోటో మీ నాన్న నీకు పంపారు కదా. ఆ బాట ఎలా ఉంటుందో ఫోటోలో తెలియదు. ఆ ఇరుకు చోట ఒకవైపు చేతికందే రాయి, రెండోవైపు ఏమీ లేదు. కింద ఎక్కడో నీళ్ళు తెల్లగా మరుగుతుంటాయి. నా కళ్ళు తిరిగాయి. చేయి పట్టుకోమని అడిగితే మీ నాన్న కెమెరా తీశారు. నేను అక్కడ కూలబడకుండా, ఎవరి మీదా పడకుండా, పాకి అవతలికి చేరాను. చేరాక ఏడవలేదు కూడా. నాకైతే అది గొప్పగానే అనిపించింది.

దానికి నువ్వు రాసిన జవాబు మీ నాన్న నాకు విడిగా చెప్పలేదు, అందరితోపాటే విన్నాను. రెండోసారి అదే గట్టుకు బస్సులో వెళుతుంటే ఆయన లేచి నిలబడి, మెడలోని డ్రిల్లు ఈల ఊది, అందరికీ చదివి వినిపించారు. "నాన్నా, ఫోటో మా గది గోడకు అంటించాం. 'నాలుక్కాళ్ళ బస్తా' అని పేరు పెట్టాం. పొద్దున్నే లేచి దాన్ని చూసి నవ్వుకుని పరుగుకు వెళుతున్నాం." నన్ను బస్తా అని పిలిచేది ఆయనొక్కరే అనుకునేదాన్ని. బస్సంతా గొల్లుమంది. బృందంలోని మందుల షాపాయన ఒక్కడే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నేనూ నవ్వాను. నవ్వకపోతే "దీనికి సరదా తెలియదు" అంటారు కదా.

ఆ రోజు గైడు అమ్మాయి, మేము మొదటిసారి చూడని వైపుకు మమ్మల్ని తీసుకెళ్ళింది. అమ్మలూ, అక్కడి రాళ్ళు చూస్తే నీకు నోట మాట రాదు. నల్లగా, నిటారుగా, ఒక్కొక్కటీ ఆరు పలకలుగా చెక్కినట్టు, పెన్సిళ్ళు కట్టకట్టి నిలబెట్టినట్టు ఉంటాయి. భూమి లోపలి నిప్పు ఎప్పుడో పైకి పొంగి, చల్లారుతూ చల్లారుతూ ఎండిన బురదలా బీటలు వారి ఇలా నిలిచిపోయిందట. వాటి పక్కనే ఒక బిలం ఉంది. కెరటం కింద దూరినప్పుడల్లా అందులోంచి నీళ్ళు బుస్సుమని మనిషెత్తు లేస్తాయి. స్తంభాలు గట్టు చివరికి వచ్చేసరికి ఎగుడుదిగుడుగా విరిగి, సముద్రం మీదికి మెట్లలా సాగాయి. అక్కడ అడ్డంగా తాడు కట్టి ఉంది. "తాడు దాటకండి, తడి ఉంటే జారుతుంది" అని గైడు చెప్పింది.

అందరూ ముందుకు సాగిపోయి మలుపు తిరిగారు. మీ నాన్న ఆగారు.

"ఏయ్ బస్తా, కెమెరా పట్టుకో. పిల్లకి ఇది కూడా పంపుదాం. వాళ్ళ నాన్న ఎలా నిలబడతాడో చూస్తుంది" అన్నారు.

"తాడు ఉందండీ."

"అది నీలాంటివాళ్ళకి."

తాడు దాటి ఒక స్తంభం మీంచి ఇంకొకదాని మీదికి గెంతుకుంటూ చివరిదాకా వెళ్ళారు. నిజం చెప్పాలంటే చూడముచ్చటగా ఉన్నారు. బడిలో పిల్లలకు డ్రిల్లు చేయించేటప్పుడు నిలబడతారే, అలా రొమ్ము విరుచుకుని చేతులు చాచారు. నేను కెమెరా ఎత్తేలోపే పక్కన బిలం గర్జించింది. నీళ్ళు ఆయన మీద కుండపోతగా పడ్డాయి. ఒక కాలు జారింది, పడలేదు. కానీ కిందికి చూశారు.

చెట్టంత మనిషి ముందు కూర్చున్నారు. తర్వాత బోర్లా పడుకుని ఆ రాయిని కావలించుకున్నారు. నేను ఇవతల తాడు దగ్గర ఉన్నాను. మా మధ్య దూరం ఎంతో లేదు.

"ఏమే, చెయ్యి ఇవ్వవే" అన్నారు. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు.

"ఈల ఊదండి, గైడు వస్తుంది" అన్నాను.

ఊదలేకపోయారు. ఈల ఛాతీ కింద నలిగిపోతోంది. దాన్ని తీయాలంటే ఒక చెయ్యి రాతిని వదలాలి. వదలడం ఆయన వల్ల కాలేదు.

నేను చదునైన చోటు చూసుకుని కూర్చున్నాను. సంచిలోంచి రొట్టె, ఉడికించిన గుడ్డు తీశాను. గుడ్డు పెంకు నెమ్మదిగా వలిచాను. నా చెయ్యి వణకలేదు. ఆయన తల తిప్పి నన్నే చూస్తున్నారు.

"తింటున్నావా?" అన్నారు.

"ఆకలేసిందండీ. ఇంత ఒళ్ళు మోసుకుని నడిచాను కదా."

అప్పుడు ఏడుపు మొదలైంది. నన్ను పేరు పెట్టి పిలిచారు. నీకు తెలుసా, మీ నాన్న నోట నా పేరు నువ్వు పుట్టాక వినలేదు నేను. "నాకు భయంగా ఉంది, పడిపోతాను" అన్నారు. "వినబడలేదు, సముద్రం హోరు" అన్నాను. మళ్ళీ చెప్పారు. ఇంకా గట్టిగా చెప్పమన్నాను. చెప్పారు. ఆయన ప్యాంటు తడిసింది. నీళ్ళ తడి కాదు. అది నేను చూశానని ఆయన చూశారు.

రాతిని పట్టుకున్న వేళ్ళు కొట్టుకుపోయి నెత్తురు కారుతుంటే నాకు జాలి వేసింది. వేయలేదంటే అబద్ధం. వేసినా లేవలేదు. గుడ్డు తినడం పూర్తి చేశాను, చేతులు తుడుచుకున్నాను. అప్పుడు చెప్పాను: "పొట్ట ఆనించి, మోకాళ్ళ మీద వెనక్కి పాకండి. కిందికి చూడకండి. నాకు అలవాటే, బాగానే ఉంటుంది." పాకారు. ఒక్కో స్తంభం మీదా ఆగి ఆగి, పసిపిల్లాడు మంచం దిగుతున్నట్టు వెనక్కి పాకి వచ్చి, నా చెప్పుల దగ్గర తల పెట్టుకుని పడుకున్నారు. నేను తాగగా మిగిలిన నీళ్ళిచ్చాను.

ఇంతవరకూ రాశాను కానీ, అమ్మలూ, మధ్యలో ఒక సంగతి దాటేశాను. నేను పెంకు వలుస్తున్నప్పుడు గైడు వెనక్కి వచ్చింది. మలుపు దగ్గర నిలబడి "మాస్టారు ఏరండీ? అంతా బాగానే ఉందా?" అని కేకేసింది. అక్కడినుంచి ఆయన కనబడరు. ఆ అమ్మాయి నడుముకు తాడు చుట్టుకునే ఉంది, పిలిస్తే చిటికెలో లాగేసేది. నేను చెయ్యి ఊపి, "ఫోటోలు దిగుతున్నారమ్మా! మీరు పదండి, వెనకాలే వస్తాం" అన్నాను. ఆమె వెళ్ళిపోయింది. మీ నాన్న ఆ మాట విన్నారు. అరవడానికి నోరు తెరిచారు, ఊపిరి చాలలేదు. అప్పుడు నన్ను చూసిన చూపు ఉంది చూడు, బతికినన్నాళ్ళూ మర్చిపోను. మర్చిపోవాలనీ లేదు.

ఆ రోజు నుంచి ఆయన మేడమెట్లు గోడ పట్టుకుని దిగుతున్నారు. బడి పోటీల్లో పిల్లలకు నిచ్చెన ఎక్కి చూపించాల్సి వస్తే కింది మెట్టు మీదే నిలబడిపోయారట. వెనక ఎవరో కిసుక్కున నవ్వారట. ఇప్పుడు బంతులూ వలలూ దాచే గది చూసుకుంటానని అడిగి మరీ మార్పించుకున్నారు. బజారులో వెనకబడితే నేను తిరిగి చూసి "ఏమిటండీ ఆ నడక, బస్తాలా" అన్నాను, ఒక్కసారి. నలుగురూ విన్నారు. ఆయన అడుగు పెంచారు. నాకు ఆ పూట కడుపు నిండినట్టుంది. మంచిదాన్ని అయితే ఇలా అనిపించకూడదు. నేను మంచిదాన్ననే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ.

నీ మీద కోపం లేదు. నువ్వు ఆయన కూతురివి, ఆయన నవ్వమన్నచోట నవ్వావు. ఆ గోడ మీది ఫోటో ఉంచుకుంటావో తీసేస్తావో నీ ఇష్టం. ఇక నుంచి దాన్ని చూసినప్పుడల్లా అందులో లేని మనిషి కూడా నీకు కనబడతాడు. అది చాలు నాకు.

గట్టు మీద లేచి కూర్చున్నాక మీ నాన్న నన్ను ఒక్కటే అడిగారు. "ఎవరికైనా చెప్పుకో. పిల్లకి మాత్రం చెప్పకు. దానికి నేనే..." అని, మిగతాది చెప్పలేకపోయారు. నా చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకున్నారు. వేశాను.

ఇప్పుడు గుమ్మంలో చెప్పులు వేసుకుని నిలబడి ఉన్నారు. నాకు షాపుకు టైమైంది, పోస్టాఫీసుకు తనే వెళతానన్నారు. "ఏం రాశావు పిల్లకి?" అని అడిగారు. "అంతా కులాసా అని" అన్నాను. "నేను అడిగానని కూడా రాయి" అన్నారు. అడిగారు, రాశాను. కవరు అంటించి ఆయన చేతికే ఇస్తున్నాను.

ఇట్లు,
నిన్ను కన్న
అమ్మ