మెడ మీద గీత

ఫిబ్రవరి 3, 1961
గుంటూరు నుంచి నాయనను ఇంటికి తెచ్చాను. గొంతులో క్యాన్సరు పుండుకు ఎక్స్‌రే లాంటి కరెంటు పెడుతున్నారు. సగమే అయింది, మనిషి అప్పుడే పుల్లయిపోయాడు. పది రోజులు పాలు, గంజి పట్టి మళ్లీ తీసుకురమ్మన్నాడు డాక్టరు. మెడ మీద ఊదా సిరాతో గీతలు — కరెంటు తగలాల్సిన చోటు. "చెరిగితే మళ్లీ మొదటికొస్తుందమ్మా. తడి తగలనివ్వొద్దు."

ఫిబ్రవరి 4
ఆ కరెంటు కంటికి కనపడదు. మంట లేదు, పొగ లేదు. పెట్టేటప్పుడు డాక్టరుతో సహా అందరం బయటికి వచ్చేస్తాం, తలుపు మూస్తారు. లోపల నాయన ఒక్కడే... నాలుగు రోజులకు మెడంతా కమిలిపోయింది. ఏం వెలుతురో అది.

ఫిబ్రవరి 5
రెండు చెంచాల గంజి. మూడోది బయటికొచ్చింది.

ఫిబ్రవరి 6
కేకలేశాను. బడిలో పాఠాలు చెప్పి వచ్చేసరికి నీళ్ల చెంబు ముందు పెట్టుకుని కూర్చున్నాడు, నమాజుకు ముందు మొహం, కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకోవాలని. తడిచెయ్యి మెడ దాకా పోయింది, ఒక గీత పలచబడింది. "ప్రాణం కంటే ఎక్కువా నాయనా? దేవుడికి తెలియదా నీ సంగతి?" చెంబు లాక్కుంటే ఊరికే చేతికొచ్చేసింది. నలభై ఏళ్లు దూదేకిన చేతులు. వంటింట్లోకి పోయి ఏడ్చాను.

ఫిబ్రవరి 7
పొద్దున్నే గుసగుసగా — "అమ్మాయ్, చేలో పొడిమట్టి తీసుకురా. ఎవరూ తొక్కనిది." మతి తప్పిందేమో అనుకున్నా. అయినా పోయి పత్తిచేను గట్టున నల్లమట్టి తెచ్చా. అరచేతులు దానికి ఆనించి, దులిపి, మొహం తుడుచుకున్నాడు. తర్వాత చేతులు. మెడ జోలికి పోలేదు. జబ్బుమనిషికి వజూకు నీళ్ల బదులు మన్ను చాలట. లేవలేడు గనక పడుకునే నమాజు. వంగాల్సిన చోట కళ్లు మూస్తాడు, తెరుస్తాడు... వట్టి రెప్పలతో. ఇంత మనిషని నాకిన్నాళ్లూ తెలియదు. బడికి ఆలస్యమైంది.

ఫిబ్రవరి 10
అరగ్లాసు పాలు నిలిచాయి. వీధంతా మిరపకాయలు ఆరబోశారు. ఘాటుకు దగ్గొస్తే గొంతు చీరుకుపోతుందని తలుపులు మూసే ఉంచా. ఐదుపూటలా ఆ మట్టే.

ఫిబ్రవరి 13, గుంటూరు
గీతలు చూసి డాక్టరే విస్తుపోయాడు. "ఎలా కాపాడారమ్మా?" కానీ బలం పట్టలేదన్నాడు. మిగతా కరెంటు పెడితే తట్టుకుంటాడో లేదో చెప్పలేడట. పెట్టకపోతే పుండు ఆగదట. "సాయంత్రంలోగా మీరే చెప్పండి."

నాయననే అడిగాను. జన్మలో ఏ సంగతిలోనూ నా సలహా అడిగి ఎరగడు. "నువ్వెలాగంటే అలాగే అమ్మాయ్" అన్నాడు. కళ్లలో బెరుకు లేదు. ఉన్న భయమంతా నాదే.

నాలుగైంది. వరండాలో బల్ల మీద కూర్చున్నాం. నా మొహమే చూస్తున్నాడు. కరెంటు పెట్టించమనాలో, ఇంటికి తీసుకుపోవాలో ఇంకా తేల్చుకోలేకపోతున్నా...