చందనకి అమ్మ ఉంది

బరంపురం,
డిసెంబర్ 10

అక్కా,

నీ మాధవి నమస్కారాలు. బావ గారు, నువ్వు కులాసా అని తలుస్తాను. నీకు చెవులు సరిగ్గా వినిపించకపోవడం నా పాలిట మంచిదే అయింది. ఈ సంగతి ఫోనులో అయితే గట్టిగా అరిచి చెప్పాలి. గట్టిగా చెప్పే సంగతి కాదిది. చికిటిలో నీ వంటింట్లో నీ పక్కన కూర్చుని మెల్లగా చెబుతున్నాననుకుని చదువు. చదివాక చింపెయ్.

గోపాలపూర్‌లో మా బడిలో చందన అనే పిల్ల ఉందని రెండుసార్లు రాశాను నీకు. మూడో క్లాసు, ఎనిమిదేళ్ళు. అక్కడే సముద్రం ఒడ్డున ఇల్లు. తండ్రి మంగళూరు బోట్లలో పనిచేస్తాడు, ఏడాదికి రెండుసార్లు వస్తాడు. తల్లి పేరు కాసమ్మ. తెల్లారకముందే ఒడ్డుకెళ్ళి, వేలంలో చేపలు తీసుకుని, గంప నెత్తిన పెట్టుకుని బరంపురం బజారుకి వస్తుంది. పిల్లని బడికి పంపేది నాయనమ్మ. ఆ నాయనమ్మకి చూపు ఆనదు. అందుకే పిల్ల తల విరబోసుకుని వచ్చేదనుకున్నాను. మొదటి రోజు జాలేసి దగ్గర కూర్చోబెట్టుకుని జడ వేశాను. రెండో రోజూ వేశాను. తర్వాత ప్రార్థనకి గంట కొట్టేలోగా తనే దువ్వెన పట్టుకొచ్చి నా మోకాళ్ళ మధ్య కూర్చునేది.

నా లిపి పోయి ఆరేళ్ళయిందక్కా. నాలుగేళ్ళ పిల్ల మెదడువాపు జ్వరంతో మూడు రోజుల్లో వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఒక ఆడపిల్ల తల నా చేతుల్లోకి రావడం అదే మొదటిసారి. నీకు వేరే చెప్పక్కర్లేదు.

జడతో ఆగి ఉంటే బాగుండేది. నా టిఫిన్ డబ్బాలో తనకీ ఒక అర పెట్టాను. శనివారాలు బడి అయ్యాక నాతో బస్సులో ఇంటికి తీసుకొచ్చి తలంటాను. లిపికని కొని, వేసుకోకుండానే మిగిలిపోయిన గౌను ఒకటి ఉండేది, విప్పి, గుడ్డ కలిపి కుట్టి తనకి సరిపోయేలా చేశాను. మా ఆయన గుమ్మంలో నిలబడి ఆ గౌను చూశారు. "మాధవీ, ఆ పిల్లకి అమ్మ ఉంది" అన్నారు. అంతే. నేను ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ పిల్లని దేనికీ కాదనలేదు నేను. లెక్కలు చెయ్యకపోతే నేనే చేసి దిద్దాను. ఒకరోజు సుమిత్ చెయ్యి రక్తం వచ్చేలా కొరికింది. నేను సుమిత్‌నే నిలబెట్టి "నువ్వేం చేశావు?" అని అడిగాను. వాడు ఏడుస్తూ "నేనేటీ సెయ్లేదు దిది" అన్నాడు. ఇక్కడ పిల్లలు టీచర్ని దిది అంటారు, నీకు తెలుసు కదా. నలభై మంది పిల్లలున్న క్లాసులో నాకు ఒక్కర్తే కనిపించేది. మిగతావాళ్ళకి అది తెలుసు. పిల్లలకి తెలియనిదేముంటుంది!

అసలు సంగతి ఇప్పుడు రాస్తాను. మొన్న కాసమ్మ బేరం తొందరగా ముగించుకుని, కూతుర్ని తీసుకెళ్దామని బడి గేటు దగ్గరికి వచ్చింది. నెత్తిన ఖాళీ గంప, మొహం నిండా నవ్వు. చందన నా కొంగు పట్టుకుని నిలబడి, ఇంకో చేత్తో ముక్కు మూసుకుంది. "నువ్వెళ్ళు, వాసనొస్తన్నావు. నాను ఈ అమ్మతోటి ఎల్తాను" అంది. పిల్లలంతా నవ్వారు. కాసమ్మ కూడా నవ్వబోయింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

నేను పిల్లని మందలించలేదు. "తప్పు" అని ఒక్క మాట అనలేదు. ఎందుకో తెలుసా అక్కా? 'ఈ అమ్మ' అంది కదా, నాకు సంతోషం వేసింది. ఆ ఆడమనిషి మొహం చూస్తూ కూడా, ఒళ్ళంతా పాకినట్టు సంతోషం వేసింది. ఆ సంగతి ఎవరికైనా చెప్పకపోతే నాకు అన్నం దిగేటట్టు లేదు.

నీ చెల్లెలు,
మాధవి


బరంపురం,
జనవరి 22

అక్కా,

నీ ఉత్తరం అందింది. నన్ను తిట్టలేదు నువ్వు. "ఇప్పటికైనా ఒక గీత గీసుకో, నీ కోసం కాదు, ఆ పిల్ల కోసం" అని రాశావు. గీసుకుందామనే అనుకున్నాను. రేపు, ఎల్లుండి అనుకుంటూ సంక్రాంతి సెలవులు కూడా దాటించాను. ఈలోగా జరగకూడనిది జరిగింది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి తలుపు చప్పుడైతే తీశాను. గుమ్మంలో చందన. ఒంటరిగా వచ్చింది. గోపాలపూర్‌లో ఎవరో పెద్దవాళ్ళ వెనకాల బస్సెక్కి, బస్టాండులో దిగి, శనివారాలు నాతో నడిచిన దారి గుర్తుపెట్టుకుని వచ్చేసింది. కాళ్ళకి చెప్పులు లేవు. "అమ్మ రావొద్దంది. అందుకే సెప్పకుండా వొచ్చీసినాను" అంది, ఏదో ఘనకార్యం చేసినట్టు.

నా ఫోనులో కాసమ్మ నంబరు ఉంది అక్కా. అది మంచం మీద, నా చేతికి అందేంత దూరంలో ఉంది. నేను ముందు అన్నం పెట్టాను. తిన్నాక చేద్దామనుకున్నాను. తిని నా ఒళ్ళో తలపెట్టి పడుకుంది. లేచాక చేద్దామనుకున్నాను. నిద్రలో దాని చెయ్యి నా మెడ మీద పడింది. నేను కదల్లేదు. అలా నాలుగు దాటేదాకా కదల్లేదు.

మా ఆయన వచ్చి చూసి, "వాళ్ళకి చెప్పావా?" అన్నారు. నేను ఫోను వైపు చూసేసరికి ఆయనకి అర్థమైంది. నా ఫోను తీసుకుని తనే చేశారు. అవతల ఎవరో మగమనిషి ఎత్తి, విని, పెద్దగా కేకేశాడు. ఆ కేక నాకూ వినిపించింది. "దొరికింది! నీళ్ళలోంచి వొచ్చీమనండ్రా!"

వాళ్ళు ఆ పిల్లని సముద్రంలో వెతుకుతున్నారక్కా. ఒడ్డున పిల్ల కనిపించకపోతే ముందు నీళ్ళలోనే వెతుకుతారు కదా. తెప్పలు వేసుకుని నాలుగు గంటలు వెతికారట. ఆ నాలుగు గంటలూ పిల్ల నా ఒళ్ళో నిద్రపోతోంది.

కాసమ్మ ఆటోలో వచ్చింది. చీర నడుం దాకా తడిసి, ఇసుక అంటుకుని ఉంది. నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. గడప దాటి లోపలికి రాలేదు, ఇల్లు పాడవుతుందని. పిల్లని చూసి అక్కడే కూలబడిపోయింది. చందన నిద్రమొహంతో లేచి నా వెనక్కి వచ్చి నక్కింది.

కాసమ్మ కొంగుతో మొహం తుడుచుకుని అంది: "టీచరమ్మా, మిమ్మల్ని ఏటీ అన్ను. నా పిల్లని మీరు బాగా సూసినారు. కానీ నాను ఒద్దంటే అది మీకాడికి పారొస్తాది. నాను సదువుకో అంటే, దిది ఏటీ అన్దు అంటాది. నాను ఇంక దానికి ఏటి సెప్పగల్ను? ఒక్కసారి మీరు కాదని సెప్పండమ్మా."

నేను ఏదో ఒకటి అనాలని, "రోజూ తల కూడా దువ్వకుండా పంపుతుంటే జాలేసి..." అన్నాను. ఇంత జరిగాక కూడా ఆ మాట ఎలా వచ్చిందో నా నోటికి!

కాసమ్మ నా వంక వింతగా చూసింది. "నాను ఒడ్డుకెళ్ళే ముందు రోజూ జడేసే ఎల్తాను కదమ్మా. నిద్రలోనే ఒళ్ళో ఏసుకుని అల్లుతాను. అది బడికొచ్చే దారిలో ఇప్పీసుకుంటాది. మీరు ఎయ్యాలని. మీకు తెల్దా?"

నాకు తెలియదక్కా. ఏడాదిన్నరగా ఆ పిల్ల తల్లి అల్లిన జడ విప్పుకుని వస్తుంటే, నేను ప్రతి ఉదయం దాన్ని మళ్ళీ అల్లి, తల్లి లేని పిల్లని చూసుకున్నట్టు మురిసిపోయాను.

అప్పుడు చెప్పాను. నా కొంగులోంచి దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, కింద కూర్చుని, మొహంలోకి చూసి చెప్పాను. "చందనా, నేను నీ అమ్మని కాను. నీ దిదిని. మీ అమ్మకి చెప్పకుండా ఇక్కడికి రాకూడదు. ఇకమీద శనివారాలు కూడా లేవు. జడ అమ్మే వేస్తుంది. అమ్మ కాదంటే నేనూ కాదనే అంటాను."

"నాను నీకు ఒద్దా?" అంది.

"బడిలో అందరు పిల్లల్లాగే కావాలి" అన్నాను. ఆ మాటకి పిల్ల ఏడవలేదు. లిపి ఆఖరి రోజు నన్ను గుర్తుపట్టకుండా చూసిందే, అలా చూసింది. తర్వాత కాసమ్మ భుజం మీద తల వాల్చకుండా, కర్రలా బిగుసుకుని ఆటో ఎక్కింది.

ఈ మూడు రోజులూ బడికి వచ్చి ఆఖరి బెంచీలో కూర్చుంటోంది. నా వైపు చూడదు. అక్కా, నేను ఉద్యోగం మానేస్తున్నాను. కాగితం రాసి సంచిలో పెట్టుకున్నాను. పిల్లల మధ్య ఉండే అర్హత నాకు లేదు. ఈ సంగతి మా ఆయనకి కూడా ఇంకా చెప్పలేదు, నీకే ముందు చెబుతున్నాను.

మాధవి


బరంపురం,
మార్చి 4

అక్కా,

ఆలస్యంగా రాస్తున్నందుకు కోప్పడకు. ఉద్యోగం మానలేదు. నువ్వు రాసిన ఆ రెండు వాక్యాలు నన్ను ఆపేశాయి. "నువ్వు వెళ్ళిపోతే ఆ పిల్లకి ఏం తెలుస్తుంది? కాదన్నవాళ్ళు వదిలేసి పోతారని తెలుస్తుంది." చదివి, సంచిలోంచి ఆ రాజీనామా తీశాను. తర్వాత కాగితాన్ని మా ఆయన చేతిలో పెట్టి అంతా చెప్పాను. ఆయన దాన్ని చదివి, మడిచి, చింపి, "రేపు బస్సు దాకా నేనూ వస్తాను" అన్నారు. ఆరేళ్ళలో మేమిద్దరం కలిసి లిపి కోసం ఏడ్చింది ఆ సాయంత్రమే.

ఉండిపోవడం వెళ్ళిపోవడం కంటే కష్టంగా ఉందక్కా. చందన నన్ను వదిలిపెట్టలేదు. పుస్తకంలో పేజీలు చింపింది. నేను బోర్డు వైపు తిరిగితే చాలు, చప్పుళ్ళు చేసింది. మొదటి వారం తల విరబోసుకునే వచ్చి, నా బల్ల ముందు నుంచి రెండు మూడుసార్లు నడిచింది. నా చేతులు నా మాట వినలేదు, బల్ల కింద పెట్టుకుని బిగించి పట్టుకున్నాను. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో జడతోనే వచ్చింది. రిబ్బను కట్టు మాత్రం నేను కట్టినట్టు లేదు. తల్లి కట్టిందే, విప్పుకోలేదు.

ఒకరోజు సుమిత్‌ని మళ్ళీ కొరికింది. ఈసారి నేను చూసీ చూడనట్టు ఊరుకోలేదు. వాడి చెయ్యి కడిగి మందు రాసి, తనని నా పక్కన కుర్చీలో కూర్చోబెట్టాను. "కోపం రావచ్చు. కొరకకూడదు. వాడికి చెప్పాల్సింది చెప్పేదాకా ఆటకి వెళ్ళవు" అన్నాను. "నువ్వు సెడ్డదానివి" అని అరిచింది. "సరే, కోపంగానే ఉండు. నేను ఇక్కడే కూర్చుంటాను" అన్నాను. ఆటల గంటంతా ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. గంట మోగే ముందు సుమిత్ దగ్గరికి వెళ్ళి, నేల చూస్తూ ఏదో గొణిగింది. వాడు సరేనన్నట్టు తలూపాడు. ఆ రోజు సుమిత్‌ని నేనూ విడిగా పిలిచి, మొదటిసారి వాడి మాట నమ్మనందుకు తప్పు ఒప్పుకున్నాను. వాడికి సిగ్గేసి పారిపోయాడు.

నిన్న మధ్యాహ్నం భోజనాలప్పుడు చందన వరండా మీంచి దూకి కిందపడింది. గడ్డం చీలింది. రక్తం ధారగా కారుతుంటే రెండు చేతులతో పట్టుకుని, పిల్లలందర్నీ తోసుకుంటూ నా దగ్గరికే పరుగెత్తుకొచ్చింది. అక్కా, నా ప్రాణం నా దగ్గర లేదు. గుండెకి హత్తుకుని ఆటో ఎక్కించుకుని పోదామనిపించింది. కుర్చీలో కూర్చోబెట్టి, శుభ్రమైన గుడ్డతో గడ్డం నొక్కి పట్టాను. "నేనున్నాను, భయం లేదు. చెప్పు, ఏం కావాలి నీకు?" అన్నాను.

ఏం వినాలని అలా అడిగానో, నీకు అబద్ధం చెప్పను. నా లోపల ఇంకా ఒక మూల ఆశ ఉంది.

చందన వెక్కుతూ, "మా అమ్మని పిలవండి దిది" అంది.

పిలిచాను. ఈసారి క్షణం ఆలస్యం చెయ్యలేదు. కాసమ్మ అదృష్టం కొద్దీ ఊళ్ళోనే ఉంది, పది నిమిషాల్లో పరుగెత్తుకొచ్చింది. చందన కుర్చీలోంచి చేతులు చాచి "అమ్మా!" అని కేక పెట్టింది. అంత పెద్ద కేక నేనెప్పుడూ వినలేదు. కాసమ్మ దాన్ని ఎత్తుకుని, ఒక్క క్షణం నా వైపు తిరిగింది. "బడిలో మీరు సూసినారు. ఇంక నాను సూసుకుంటాను దిది" అంది. నన్ను ఆవిడ దిది అనడం అదే మొదలు. ఇద్దరూ గేటు దాటారు. చందన వెనక్కి తిరిగి చూడలేదు. చూడకూడదు కూడా.

చేతులు కడుక్కుని క్లాసుకి వెళ్ళాను. ఎనిమిదో ఎక్కం మొదలుపెట్టాను. ఎనిమిది ఆర్ల దగ్గర ఆగిపోయాను. ముందు సుమిత్ అందుకున్నాడు. తర్వాత అందరూ అందుకున్నారు. నేను సుద్దముక్క పట్టుకుని నిలబడే ఉన్నాను, వాళ్ళే ఎక్కం చివరిదాకా చెప్పేశారు.

నీ మాధవి