ఉతికి ఆరేసిన స్పాంజి పట్టీ

తల్లీ ఒడాలిస్, నాన్న బతికే ఉన్నాడు. మంచి కబురు అంతవరకే.

నా మడమ పుండు మీద నర్సు నెరెయిదా మెత్తటి స్పాంజి పట్టీ వేసి, "నాలుగు రోజులు ముట్టుకోకు తాతా, రసి అంతా ఇదే పీల్చుకుంటుంది" అంది. "స్పాంజి సంగతి నాకే చెబుతున్నావా పిల్లా? యాభై ఏళ్లు ఈ బతబనో సముద్రంలోంచి వాటిని లాగినవాణ్ణి" అన్నాను. మర్నాటికే అది తడిసి ఉబ్బింది. మన స్పాంజీలకి చేసినట్టే దాన్ని ఊడదీసి, ఉప్పునీళ్లలో ఉతికి, పిండి, రేకుల మీద ఎండబెట్టి మళ్లీ కట్టుకున్నాను. అలా మూడుసార్లు చేశాను.

వాసన పట్టాక ఆస్పత్రికి వెళ్లాను. "ఉబ్బిందంటే పని చేస్తోందని తాతా! బనియన్‌లా ఉతికి ఆరేశావా?" అని నవ్వబోయి, పట్టీ విప్పి చూసి ఆ పిల్ల డాక్టరు కోసం పరుగెత్తింది. నవ్వినా బాగుండేది. పాదం నల్లబడింది. గురువారం మోకాలి కింద తీసేస్తారట. ఎవరినీ తిట్టకు, తప్పు నాదే.

మీ ఇంటి కప్పు కారడం ఆగిందా? నీ దగ్గు తగ్గిందా? పడవకి బేరం చూడమని నీ మొగుడు రూబెన్‌తో చెప్పు. ఒంటికాలి మీద పడవ అంచున నిలబడి కొక్కెం కర్రతో స్పాంజీలు లాగలేను. కాస్త కాఫీ పొడి తీసుకురా.

కార్డు అందగానే బయల్దేరి బుధవారానికల్లా రా. నేను రెండు కాళ్ల మీద నిలబడి ఉండగా ఆఖరిసారి చూసే మనిషి నువ్వే కావాలి. దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

మీ నాన్న ఎలీహియో