పగిలిన కమోడ్ మీద నేను నవ్విన ఫొటో గురించి

అయ్యా,

నీటి పొదుపు శాఖ అధికారిగారి సముఖానికి, తాళాలు బాగుచేసుకుని బతికేవాడు చేసుకొను విన్నపము.

విషయం: పాత కమోడ్ పగలగొట్టితిని, కొత్తది ఇప్పించుట గురించి.

1. పాత కమోడ్ పగలగొట్టి ఫొటో తెచ్చినవారికి, తక్కువ నీళ్లతో పనిచేసే కొత్తది ఉచితమని తమరు గోడకు నోటీసు అంటించితిరి. నేను నమ్మి ఆ రోజే పగలగొట్టితిని. ఇంట్లో ఉన్నది అదొక్కటే.

2. ఆ ఫొటోలో నేను ముక్కల మీద కూర్చుని, తువ్వాలు కిరీటంలా చుట్టి, సుత్తి గదలా భుజాన పెట్టి పళ్లికిలించిన మాట వాస్తవం. "ఆఫీసుకిచ్చే ఫొటో అండీ, కాస్త మనిషిలా కూర్చోండి" అని మా ఆవిడ మొత్తుకుంది. వింటే నేను నేనెందుకవుతాను?

3. తమ గుమస్తాగారు అది చూసి, నా కాగితం మీద "వేళాకోళం. పక్కన పెట్టవలెను" అని రాసి బీరువాలో పడేశారు. వెళ్లి అడిగితే, "పోయినేడు మా ఆఫీసు ముసలి కుర్చీలకి పెన్షనిమ్మని అర్జీ పెట్టింది నువ్వే కదూ? పోవయ్యా, నీ ఆటలూ నువ్వూ!" అన్నారు. పెట్టింది నేనే. కానీ ఇది ఆట కాదు బాబూ. కొత్తది కొనే తాహతుంటే తమ గుమ్మం తొక్కేవాణ్ణా?

4. కమోడ్ పగలగొట్టి నేటికి పదకొండు రోజులు. మేం దొడ్డికి పక్కింటికి పోతున్నాం. మా అమ్మ నడిచి పోలేదు. తుంటి విరిగి ఆపరేషనైన మనిషి. వాళ్లింటికి పద్నాలుగు మెట్లు. నేను ఎత్తుకెళ్తుంటే, "నలుగురూ చూస్తున్నార్రా, మూటలా మోస్తావేంట్రా" అని నా భుజంలో మొహం దాచుకుంటోంది.

5. ఇది రాయడానికి చెయ్యి రావట్లేదు. నాలుగు రోజులుగా అమ్మ నీళ్లు తాగడం మానేసింది. మాత్రలు కూడా నీళ్లు లేకుండానే మింగుతోంది. "దాహం లేదురా" అంటుంది. పెదాలు పగిలిపోయాయి. ఇలాగే ఉంటే కిడ్నీలు పోతాయన్నాడు డాక్టరు. తమ పథకం వల్ల మా ఇంట్లో నీళ్లు బాగానే ఆదా అవుతున్నాయి అయ్యా.

కావున నన్ను కోతి అనండి, జరిమానా వెయ్యండి, తమ గుమ్మం ముందు గుంజీళ్లు తీయించండి. నా వెకిలితనానికి ఆ ముసలిప్రాణాన్ని ఎండబెట్టకుండా, ఈ పూటే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
తాళాలవాడు

తా.క.: ఆ బీరువా తాళం పోయినేడు తీసిపెట్టింది నేనే. నిన్న గుమస్తాగారు సీట్లో లేరు, పనిముట్లు నా జేబులోనే ఉన్నాయి. అయినా ముట్టుకోలేదు. కొత్త ఫొటో జత చేశాను. అందులో నేను లేను. అమ్మ మంచం పక్కన గ్లాసు ఉంది. పొద్దున నిండా పోశాను, ఫొటో తీసింది సాయంత్రం. ఎంత తగ్గిందో తమరే కొలిచి చూసుకోండి.